ఎత్తు దెలియని యంత్రము

గడచిన వేసవిలో పెద్దమండ్యములోని మా యింట దప్పిన యొక ప్రమాదమును మీకు విన్నవింప దలచితిమి.

కళాశాలలో చదువుచున్న మా యమ్మాయి అరచేతియంత డ్రోను నొకదానిని దానే కూర్చి, సావడిలో నెగురవేయుచుండెను. అది గాలిలో నిలకడగా నున్న సమయమున మేము వీధితలుపు తెఱచితిమి. గాలి లోనికి విసరెను. తోడనే డ్రోను పైకెగసి, దూలమునకు గొట్టుకొని, నిద్రించుచున్న మా యత్తగారి తలదిండు ప్రక్కన బడెను. "ఇకమీద దీనిని ముట్టవలదు" అని గద్దించితిమి.

"అవ్వకు దగిలియుండిన నాకు మాత్రము దుఃఖము గాదా, అమ్మా? ఎత్తు గొలుచు సెన్సారును నేను సరిగా నెన్నుకొనలేదు" అని బిడ్డ కంట నీరు పెట్టుకొనెను. మా కోపము చల్లారెను.

ఆమె వలన మేము గ్రహించిన దిది. ఆ సెన్సారు గాలి యొత్తిడినిబట్టి యెత్తు నెంచును. పైకి బోయినకొలది యొత్తిడి తగ్గును. హార్సిలీకొండ నెక్కు బస్సులో చెవులు దిబ్బడపడుట యిందువలననే. కాని మీటరెత్తునకు దగ్గునది సుమారు 12 పాస్కలులు మాత్రమే. తలుపు తెఱచినను నంతటి భేదము కలుగవచ్చును. ఒత్తిడి పెరుగగానే తాను దిగిపోవుచున్నట్లు భ్రమించి యది పైకి లేచినది.

అతిధ్వని సెన్సారు ధ్వనిని నేలకు బంపి, ప్రతిధ్వని వచ్చు కాలమునుబట్టి యెత్తు గణించును. వెల తక్కువయే గాని, పఱుపులు, దుప్పట్లు ధ్వనిని బీల్చుకొనును. లేజరు సెన్సారు వెలుగు పోయివచ్చు కాలమును గొలుచును. కందిబద్దయంతటి దగుటచే చిన్న డ్రోనునకు బరువు గాదు. వీనిలో 2 మీటర్లు చూచునవియు, 4 మీటర్లు చూచునవియు గలవు. మా సావడి పదడుగులు, అనగా 3 మీటర్లు; కావున రెండవదానిని దెప్పించితిమి.

అయినను నల్లని నేలయు, కిటికీ యెండయు దాని చూపును దగ్గించును. మా యింట బఱచినవి నల్లని కడపబండలు! అందుచే టేపు పట్టి, అడుగడుగునకు దాని లెక్క సరిచూచితిమి. టేపు రెండవ కొన పట్టినవారు మా యత్తగారే. మంచముమీదుగా బోయిన నది మంచమునే నేల యనుకొనును. కావున ఖాళీ నేలపైననే యెగురవేయవలెనని నియమించితిమి. రెక్కలకు జుట్టును రక్షణకట్టు నమర్పించితిమి.

ఇపుడు తలుపు తెఱచినను డ్రోను చెదరుటలేదు. బిడ్డ చేతిపని చెడినపుడు గద్దించుటకు ముందు "ఎందువలన జెడినది?" యని యడుగుట మేలని మేము నేర్చుకొంటిమి.