పటమందలి స్త్రీ

స్త్రీని చిత్రించుట వేఱు. స్త్రీని గౌరవించుట వేఱు. మొదటిది చేసినవారికి రెండవది దానంతట వచ్చునని మనలో ననేకులు నమ్ముదురు. ఈ నమ్మకమును పరీక్షించుటకు మేమొక పటమును చదువరుల ముందుంచుచున్నాము.

ఫిలిప్పీను దీవులవాడగు హువాన్ లూనా (1857–1899) ఐరోపా పద్ధతిని తైలవర్ణచిత్రకళ నభ్యసించి, 1884లో మాడ్రిడ్ ప్రదర్శనమున స్వర్ణపతకము నందెను. తమ్మేలు స్పెయినువారి రాజధానిలోనే తమవాడు గెలిచెనని యాతని దేశీయులు పొంగిపోయిరి. 1895లో నాతడు స్వదేశపు వనిత నొకతెను చిత్రించెను. పలుచని నేతతో వెడల్పగు చేతులు గల దేశీయవేషమున నామె హుందాగా కనబడును. ఆ పటము మనీలాలోని జాతీయ చిత్రశాలలో నున్నది. దాని పేరు ‘బులకాన్ సీమ స్త్రీ’ యని మాత్రమే. ఆమె యెవరో పండితులు నేటికిని తర్కించుచునే యున్నారు. సీమ పేరు నిలిచినది; మనిషి పేరు నిలువలేదు.

ఇంతకన్న ఘోరమైన విషయ మొకటి కలదు. ఆ పటమునకు మూడేండ్లు ముందు, 1892లో, పారిస్ నగరమున నా చిత్రకారుడే యనుమానముచే తన భార్య పాజ్‌ను, అత్తగారిని తుపాకితో కాల్చి చంపెను. 1893లో న్యాయస్థాన మాతనిని నిర్దోషి యని విడిచిపెట్టెను. పటమున స్త్రీకి మర్యాద చూపిన చేయియే యింట తుపాకి పట్టినది.

దూరదేశపు కథ యని త్రోసివేయుదమా? మా చింతలపూడి ప్రాంతపు మామిడితోటల లోగిళ్లలో లక్ష్మీదేవి పటమునకు శుక్రవారపు పూలదండ తప్పదు. ఉమ్మడి యాస్తిలో కూతురికి సమభాగము కలదని ఆంధ్రప్రదేశ్ శాసనము 1986లోనే చెప్పినది. అయినను తోట పంచుకొనునాడు, పసుపుకుంకుమల పేర నొక చీర పెట్టి, హక్కు వదలుకొన్నట్లు ఆడపడుచుచేత సంతకము చేయించుకొను అన్నదమ్ములను మేమెఱుగుదుము.

రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారి (1897–1925) యిల్లు మఱియొక త్రోవ చూపినది. ఆయన భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును తామే కుంచె పట్టిరి. ఇరువదియెనిమిదేండ్లు నిండకమున్నే ఆయన గతించినను, ఆ స్త్రీల పేరులు చిత్రకారిణుల పేరులుగా మనకు దక్కినవి. ఆ యింట స్త్రీ చూడబడునది మాత్రమే కాక, చూచునదియు నయ్యెను.

కావున పటములు తీసివేయుడని మేమనము. పటము క్రింద నామె పేరు వ్రాయుడు. దస్తావేజులో నామె భాగము వ్రాయుడు. కూతురు కుంచె యడిగిన నామె చేతికిండు. దండ పిదప వేయవచ్చును.