మా యింటి సముద్రంలో నాచు

చెరువులో పెరిగితే నాచు, బావిగట్టున కాలు జారిస్తే పాకుడు, నిలవ నీటిమీద తేలితే పాచి. తెలుగువాళ్ళం ఈ పచ్చదనానికి మూడు పేర్లు పెట్టుకున్నాము గాని ఒక్కదానికీ మర్యాద ఇవ్వలేదు. పాత అలవాటు కొద్దీ మేమింకా మద్రాసనే పిలుచుకొనే ఈ చెన్నపట్నంలో మా అరవ పొరుగువారు కూడా దీనిని "పాసి" అనే అంటారు. పేరేదయినా గీకి పారవేయవలసిన వస్తువనే లోకుల అభిప్రాయం. ఇంట్లో ఉప్పునీటి చేపలతొట్టి పెట్టుకున్నవారికి మాత్రం దీనితో వ్యవహారం అంతటితో తీరదు.

మా తొట్టి నాలుగడుగుల పొడవు. సుమారు 200 లీటర్ల నీరు పడుతుంది. అత్తగారికి తుంటి యెముక విరిగి మంచం పట్టిన తరువాత, ఆవిడకు కాలక్షేపంగా ఉంటుందని మంచానికి ఎదురుగా దీనిని అమర్చాము. కొళత్తూరు చేపల బజారునుండి రెండు క్లౌన్ చేపలను తెచ్చాము. అంగట్లో పిల్లలందరూ వీటిని "నీమో" అంటారు. ఇవి సముద్రంలో పట్టినవి కావు, పెంపకంలో పుట్టినవి. ఈ జాతిచేత తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు రూపొందించారు. ఇక రాతిపగడాల జోలికి మేము పోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి పట్టికలోనే 2001లో వాటినీ చేర్చారు. అందుచేత సిమెంటుతో చేసిన దిబ్బనే పగడపు దిబ్బ అనుకున్నాము.

మూడవ వారానికి ఇసుకమీద గోధుమరంగు పొడి పరుచుకున్నది. ఇది డయాటమ్ అనే సూక్ష్మజీవి. నీటిలోని సిలికాతో గూడు కట్టుకుంటుంది, ఆ సిలికా అయిపోతే తనంతట తానే వెళ్ళిపోతుంది. కొత్త తొట్టికి ఇది బాలారిష్టం వంటిది. దాని వెనుక పచ్చని వెంట్రుకల వంటి నాచు దిబ్బంతా కప్పింది. నీరు కదలని మూలలో ఎర్రని జిగురుపొర పేరుకున్నది. ఈ ఎర్రపొర నిజానికి నాచు కాదు, సయనోబాక్టీరియా. దాదాపు 240 కోట్ల సంవత్సరాల క్రిందట భూమిమీది గాలిలో ప్రాణవాయువు నిలిచేటట్లు చేసిన వంశం అదే. వంశం ఎంత గొప్పదయినా మా అద్దంమీద దాన్ని భరించడం కష్టమే అయింది. అత్తగారికి చేపలు కనబడటం మానివేశాయి.

సలహాలకు లోటు లేదు. తొట్టి అమ్మివేయమన్నారు కొందరు. ఒక అంగడివారు ఒక సీసా మందు ఇచ్చి, రెండు చుక్కలు వేస్తే మూడు రోజుల్లో నాచు మాయమన్నారు. చీటీ చదివితే అందులో రాగి ఉన్నది. రాగి నాచుతోపాటు నత్తలనూ పీతలనూ చంపుతుంది. పైగా చచ్చిన నాచు నీటిలోనే కుళ్ళి మళ్ళీ నాచుకే ఎరువవుతుంది. సీసా మూత తీయకుండానే తిరిగి ఇచ్చివేశాము.

మమ్మల్ని నిజంగా నిలదీసినది అత్తగారే. "ఏమర్రా, బిందెలు వరస కట్టిన ఊరిది. ఈ రెండు చేపలకోసం వారం వారం ఎన్ని బిందెలు పోస్తారర్రా?" అన్నారు. 2019 వేసవిలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు ఎండి, లారీనీటికోసం వీథులన్నీ నిలబడిన సంగతి ఆవిడ మరువలేదు. మేమూ మరువలేదు. వారానికి 20 లీటర్లు మార్చాలి, ఆవిరయ్యేది మరొక 14. శుద్ధియంత్రం ఒక లీటరు మంచినీరు ఇవ్వడానికి మూడు లీటర్లు బయటకు వదులుతుంది. అంటే రెండు చేపలకు వారానికి నూటముప్పై లీటర్లకు పైమాట!

కారణం వెదికితే గాని జవాబు దొరకదు. పులుసు ఎక్కువసేపు కాగితే ఉప్పెక్కుతుంది గదా, నీరు ఆవిరయినా ఉప్పు పోదు. తొట్టిలోనూ అంతే. ఆవిరయిన మేరకు లారీనీరు పోస్తూవుంటే, అందులోని నైట్రేటు, సిలికా నీటితో ఎగిరిపోక తొట్టిలోనే జమ అవుతాయి. చేపల మేతలోనూ, మలంలోనూ ఉన్న నత్రజని మొదట అమ్మోనియాగా, తరువాత నైట్రైటుగా, చివరకు నైట్రేటుగా మారుతుంది. భాస్వరం మేతతో వస్తుంది. మేము పరీక్షించగా లారీనీటిలోనే నైట్రేటు లీటరుకు 25 మిల్లీగ్రాములు, తొట్టిలో 50 దాటింది. కాబట్టి నాచు శత్రువు కాదు. ఇంట్లోకి వచ్చినదెంత, పోయినదెంత అని ఎవరూ వ్రాయని పద్దును అది అద్దంమీద వ్రాస్తుంది.

పద్దు తెలిసిన తరువాత పని సులువయింది. పోసే ప్రతి చుక్కా శుద్ధియంత్రం నీరే. అది వదిలే నీటిని బకెట్లలో పట్టి ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకున్నాము. దీపం పది గంటలనుండి ఏడు గంటలకు తగ్గించాము. మధ్యాహ్నపు ఎండకు తెర కట్టాము. నిలవ రొయ్యలను జల్లెడలో కడిగి, రెండు నిముషాలలో తినగలిగినంతే వేశాము. ఆ చిటికెలను లెక్కపెట్టే పని అత్తగారు తీసుకున్నారు. నాచును పాత పళ్ళకుంచెతో రుద్ది, ఒక్క ముక్కా మిగలకుండా రబ్బరు గొట్టంతో లాగివేశాము. ఎర్రపొర ఉన్న మూలకు పంపు త్రిప్పాము. చట్టం కాపాడే జాతులు కాని చిన్న నత్తలను అరడజను తెచ్చాము.

అన్నిటికంటె ఎక్కువ పనిచేసినది మరొక నాచు! తొట్టివెనుక చిన్న అరలో కీటోమార్ఫా అనే పచ్చని నాచును పెంచాము. చూడడానికి చిక్కుపడిన చేపలవల లాగా ఉంటుంది. దానికి రాత్రిపూట దీపం పెడతాము. అల్లరి పిల్లవాడికి వేరే గది, వేరే పని ఇచ్చినట్లు. అది నైట్రేటునూ, భాస్వరాన్నీ తిని పెరుగుతుంది. పదిహేను రోజులకొక గుప్పెడు తీసి, ఉప్పు పోయేదాకా కడిగి ఎరువుకుండీలో వేస్తాము. తీసిన గుప్పెడు నాచుతో ఆ మేరకు మలినం బయటకు పోయినట్లే. నాలుగవ నెలకు నైట్రేటు 10కి దిగింది. వారానికొకసారి మార్చే నీరు ఇప్పుడు నెలకొకసారి మారుస్తున్నాము. నీటిలెక్క అత్తగారికి అప్పజెప్పాము. "ఇంకా ఎక్కువే, కాని మునుపటికంటె నయం" అన్నారు. ఆవిడ నోట అది పెద్ద మెప్పు.

ఈ లెక్క మా గాజుపెట్టెకే కాదు, సముద్రానికీ ఉన్నది. జమైకా దీవి చుట్టూ నాచు మేసే చేపలను జనం తరతరాలుగా పట్టివేశారు. 1980లో పెద్ద తుఫాను దిబ్బలను విరిచింది. 1983–84లో నాచు మేసే నల్లని ముళ్ళజీవులు, సముద్రపు అర్చిన్లు, రోగం వచ్చి గుంపులుగా చచ్చాయి. మేసేవారు లేక నాచు విజృంభించింది. 1977లో దిబ్బలలో దాదాపు సగం సజీవ పగడమే ఉండగా, 1990 తరువాతి తొలి సంవత్సరాలకు అది నూటికి అయిదు వంతులకంటె తక్కువకు పడిపోయింది. మన మన్నారు సింధుశాఖలో కప్పాఫైకస్ అనే నాచును మండపం తీరంలో సాగుకు తెచ్చారు. అది ఎందరో స్త్రీలకు కూలి యిచ్చింది. అదే నాచు కురుసడై దీవి దగ్గర సజీవ పగడాలను కప్పివేస్తున్నదని 2008లో శాస్త్రజ్ఞులు తెలియజేశారు. ఉన్నచోట ఉంటే జీవనాధారం, హద్దు దాటితే ఊపిరాడనివ్వని దుప్పటి.

చేపలతొట్టి పెట్టుకున్న సోదరీసోదరులకు మా మనవి ఒక్కటే. అద్దం పచ్చబడిన నాడు మందుసీసా వెదకవద్దు. మేత ఎంత, వెలుగు ఎంత, ఏ నీరు పోస్తున్నాము అని మొదట లెక్క చూసుకోండి. పోసే నీటిని పక్కవీథిలో మరొకరు బిందెతో మోసుకుపోతున్నారన్నది కూడా ఆ లెక్కలో వేసుకోండి. అంత లెక్క భరించలేమనుకుంటే తొట్టి పెట్టకపోవడమే మంచిది. భరించగలిగిన వారి యింట నాచు తన అరలో తాను ఉంటుంది.