అవ్వ గొంతు, కారు టేపు

జాబ్రియాలోని మా పాత కారులో నేటికీ క్యాసెట్ ప్లేయరే ఉన్నది. ఫోను మాట ఖరీదైన రోజులలో గల్ఫు కుటుంబాలు ఉత్తరాలకు బదులు గొంతులను క్యాసెట్లలో నింపి పంపుకొనేవి. రాజంపేట నుంచి అవ్వ పంపినది ఒక్కటే మాకు మిగిలినది.

మొన్నటి దుమ్ము తుఫాను తరువాత ఆ గొంతు మసకబారినది. టేపు పాడైనదని దిగులుపడ్డాము. దోషం టేపుది కాదు, ఏళ్ల తరబడి తుడవని మాది. టేపు నుంచి రాలిన ఇనుప ఆక్సైడు పొడి, దుమ్ముతో కలిసి హెడ్డుకు గోధుమరంగు మడ్డిగా అంటుకొన్నది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో హెడ్డును, టేపును నడిపే సన్నని కడ్డీని మెల్లగా తుడిచాము. దానికి ఆనుకొనే రబ్బరు చక్రానికి నీటితడి చాలు. టేపు నడక సెకనుకు 4.76 సెంటీమీటర్లే, ఆ చక్రం జారితే గొంతు వణుకుతుంది. నాలుగవ పుల్ల తెల్లగా వచ్చినది.

తడి ఆరాక క్యాసెట్ పెట్టాము.

“సద్ది తాగినారా, నాయనా?” అన్నది అవ్వ.

వెనుక సీటులోని మా అబ్బాయి, “సద్ది అంటే ఏమిటి?” అని అడిగాడు. టేపు ఆపి చెప్పాము.

ఎండాకాలంలో క్యాసెట్‌ను ఇప్పుడు కారులో వదలము, ఇంటికి తెచ్చుకొంటాము.