చేస్తానా? చేస్తున్నానా?

"ఐ మానిటర్ ఇట్." ఈ మూడు ముక్కల ఇంగ్లీషు వాక్యం ఒకసారి నా ఉద్యోగానికే ఎసరు పెట్టబోయింది.

అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. రోజూ రాత్రి పదకొండింటికి నడిచే బ్యాచ్ జాబ్ ఒకటి ఉండేది. దాని సంగతి ఎవరు చూస్తారని కాల్‌లో క్లయింటు అడిగాడు. అందరూ మ్యూట్‌లో ఉన్నారు. మనకి హుషారు ఎక్కువ కదా, "నేను చూస్తాను" అందామని "ఐ మానిటర్ ఇట్" అనేశాను. నా ఉద్దేశం ఇకమీదట చూస్తానని, అది కూడా ఎవరైనా యాక్సెస్ ఇప్పిస్తే! ఆయనకేమో రోజూ చూస్తూనే ఉన్నానని అర్థమయింది. యాక్సెస్ ఎవరూ ఇప్పించలేదు, నేనూ గట్టిగా అడగలేదు. మూడు వారాల తర్వాత, ఆ జాబ్ నాలుగు రాత్రులుగా మధ్యలోనే ఆగిపోతోందని బయటపడింది. మీటింగ్ మినిట్స్ తీసి చూపించారు. నా పేరు పక్కన "మానిటర్స్ డైలీ" అని ఉంది. అందరి ముందూ అబద్ధాలకోరులా నిలబడ్డాను. మధ్యలో "విల్" ఒక్కటి పడి ఉంటే సరిపోయేది.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తిరకాసు ఎక్కడుందో అర్థమయింది. మన "చేస్తాను" రెండు డ్యూటీలు చేస్తుంది. "రోజూ ఆరింటికి లేస్తాను" అంటే అలవాటు. "రేపు ఆరింటికి లేస్తాను" అంటే భవిష్యత్తు (నా విషయంలో అబద్ధం కూడా). ఇంగ్లీషులో ఈ రెండిటికీ వేరే వేరే రూపాలు.

స్కూల్లో ఇంగ్లీషు పీరియడ్‌లో సింపుల్ ప్రెజెంట్ అంటే వర్తమానం అని రాసుకున్నాం. పేరులోనే ప్రెజెంట్ ఉంది మరి! తర్వాతి పీరియడ్‌లో తెలుగు మాస్టారు భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు నాలుగోది తద్ధర్మం అని చెప్పేవారు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, పక్షులు ఎగురుతాయి. అంటే ఎప్పుడూ జరిగేది, స్వభావం. సింపుల్ ప్రెజెంట్ ఎక్కువగా చేసే పని అదే కదా! ఈ రెండు పీరియడ్లనీ కలిపి చెప్పినవాళ్ళు మాకెవరూ లేరు. గ్రాంథికంలో "చేయుదును" తద్ధర్మం, "చేసెదను" భవిష్యత్తు. వాడుకలో ఇద్దరి పనీ "చేస్తాను" మీదే పడింది. (అలాగని గ్రాంథికమే నయమనను. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మా శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలోనే. "చేయుచున్నాను" అంటూ బ్లాగు రాసే ఖర్మ మనకి తప్పించారు.)

దెబ్బ తిన్నాక సింపుల్ ప్రెజెంట్ అంటేనే భయం పట్టుకుంది. కనబడ్డ ప్రతి క్రియకీ ఇంగ్ తగిలించడం మొదలుపెట్టాను. "ఐ యామ్ హావింగ్ ఎ డౌట్", "ఐ యామ్ నోయింగ్ జావా". తమాషా ఏంటంటే, ఈ రెండోదానికి తెలుగుని తిట్టడానికి లేదు. "నాకు జావా తెలుసు" అంటాం గానీ "తెలుస్తున్నాను" అని ఏ తెలుగువాడూ అనడు. జరుగుతున్న పనికి ఇంగ్, ఉన్న స్థితికి మామూలుగా అక్కర్లేదు. "మరి మెక్‌డొనాల్డ్స్ వాడు 2003 నుంచి 'అయామ్ లవిన్ ఇట్' అంటున్నాడు కదా" అంటారా? వాడు బర్గర్లు అమ్ముకోవాలి, మనం ఇంటర్వ్యూలు పాసవ్వాలి :-)

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న ఒక ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ప్యానెల్‌లో కూర్చున్నాను. విజయనగరంలో ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి. జాయిన్లు, ఇండెక్సులు ఏది అడిగినా తడుముకోకుండా చెప్పింది. కాకపోతే "ఐ యామ్ హావింగ్ టూ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్" అంది. నాతో పాటు ప్యానెల్‌లో ఉన్నతను మ్యూట్ నొక్కి నవ్వాడు. "కమ్యూనికేషన్ వీక్" అని రాసేద్దామన్నాడు.

"ఆమె చెప్పింది నీకు అర్థం కాలేదా?" అని అడిగాను. అయిందన్నాడు. అప్పుడు నా బ్యాచ్ జాబ్ కథ చెప్పాను. "ఐ మానిటర్ ఇట్"లో వ్యాకరణం తప్పు వెతికినా దొరకదు. ఏ ఇంటర్వ్యూలోనూ దానికి ఎవరూ నవ్వరు. కానీ నాలుగు రాత్రుల పని పాడైంది దాని వల్లే. ఈ అమ్మాయి హావింగ్ వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు. మనం నవ్వే తప్పులు వేరు, కొంప ముంచే తప్పులు వేరు. మార్కులు మాత్రం నవ్వొచ్చినవాటికే కోస్తున్నాం. ఆ అమ్మాయి తర్వాతి రౌండ్‌కి వెళ్ళింది. ఆపై సంగతి నా చేతుల్లో లేదు.

ఇప్పుడు మా టీమ్‌లో కొత్తవాళ్ళకి ఒకటే చెప్తున్నాను. "ఐ డూ" అనేముందు ఆ పని ఇప్పటికే చేస్తున్నారో లేదో చూసుకోండి. చేయబోతుంటే "విల్" పెట్టండి, పక్కనే తేదీ కూడా పెట్టండి. హావింగ్, నోయింగ్ సంగతి నెమ్మదిగా చూసుకోవచ్చు.

అన్నట్టు నేను వదలని ఇంగ్ ఒకటుంది. "ఐ యామ్ లివింగ్ ఇన్ హైదరాబాద్." లివింగ్ అంటే తాత్కాలికం అన్నట్టు వినిపిస్తుంది, ఆరేళ్ళయింది కదా, ఇంక "ఐ లివ్" అనొచ్చు కదా అంటాడు మా రూమ్మేటు. ఇంతలో అమ్మ ఫోన్ చేస్తుంది, "ఏటి సేస్తన్నావురా? పండక్కి వస్తన్నావా, నేదా?" అని. మాది శ్రీకాకుళం, ఉంటున్నది హైదరాబాద్. ఆ ఒక్క ఇంగ్ మాత్రం తీయదల్చుకోలేదు.