నాన్న కోటు జేబు

2019లో హాలోవీన్ నాడు నేపర్‌విల్‌లో మంచు పడింది. అక్టోబరు నెలాఖరుకి ఇక్కడ నాలుగు రవ్వలు రాలడం పెద్ద వింతేమీ కాదు గానీ, ఆ రోజు ఒహేర్ ఎయిర్‌పోర్టు దగ్గర కొలిస్తే 3.4 అంగుళాలు తేలింది. షికాగో లెక్కల్లో అంతకు ముందు ఏ హాలోవీన్‌కీ అంత పడలేదట. మా అమ్మాయి వేసింది ఎల్సా వేషం కాబట్టి మంచు కుదిరింది. కానీ ఆ నీలం గౌను మీద వాళ్ళమ్మ లావుపాటి కోటు తొడిగేసరికి ఎల్సా కాస్తా నడిచే మూటలా తయారైంది.

చలికి మా గుమ్మం దాకా వచ్చిన పిల్లలు పదిమందికి మించలేదు. కాస్ట్‌కోలో కొన్న రెండు పెద్ద సంచుల్లో ఒకటి విప్పనే లేదు. మా పిల్ల వెళ్ళిన ఇళ్ళవాళ్ళదీ అదే పరిస్థితి. ఇంక ఎవరూ రారని వాళ్ళు దోసిళ్ళతో పోసి పంపించారు. అంతకు నాలుగు రోజుల ముందే దీపావళి. ఫ్రిజ్‌లో సున్నుండలు, కాజూ కత్లీ అలాగే ఉన్నాయి. వీటన్నిటి మధ్యా తణుకు నుంచి వచ్చిన మా నాన్న. పన్నెండేళ్ళుగా షుగరు. "ఆంధ్రా షుగర్స్ ఉన్న ఊళ్ళో పుట్టినోడికి షుగరు రాక ఇంకేవొస్తుందిరా" అని తన మీద తనే జోకు వేసుకుంటూ ఉంటారు.

నాకు ఏ సమస్య వచ్చినా ఎక్సెల్ షీటు తెరవడం అలవాటు. పిల్లా నేనూ కూర్చుని రకాల వారీగా లెక్కపెట్టాం. చిన్న స్నికర్స్ ఒకదానిలో ఎనిమిది గ్రాముల పైచిలుకు చక్కెర ఉంటుంది. పిల్లలకి రోజుకి 25 గ్రాములు దాటొద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మాట. అంటే మూడు తింటే ఆ రోజు కోటా అయిపోయినట్టే. పైగా పళ్ళకి చెరుపు చేసేది ఎంత తిన్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నామన్నది. స్వీడన్‌లో అందుకే 'శనివారం మిఠాయి' అని ఒక పద్ధతి ఉంది, వారమంతా ఆగి ఆ ఒక్క రోజే తింటారు. మేమూ అదే పెట్టాం. షీటు మా అమ్మాయి చేతికిచ్చాను. అది నాకంటే కఠినమైన ఆడిటరు.

వారం తిరక్కుండానే పట్టుకుంది. "డాడీ, స్మార్టీస్ పదకొండు ఉండాలి. అయిదే ఉన్నాయి."

స్మార్టీస్ అంటే ఇక్కడ చాక్లెట్ కాదు. పారదర్శకమైన కాగితంలో వరసగా పేర్చి, రెండు చివరలా మెలిపెట్టిన రంగురంగుల బిళ్ళలు. మన పిప్పరమెంట్ల చుట్టాలు. పిల్లలు ఎప్పుడూ వాటిని అడుక్కి తోసేస్తారు. అవి ఎవరు తింటారబ్బా అనుకుంటూనే, ఆ రాత్రి స్విమ్మింగ్ క్లాసు నుంచి వచ్చి, కుర్చీ మీదున్న నాన్న కోటు తీసి తగిలించబోయాను. జేబు గలగలమంది.

ఏమన్నానో ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది. పిల్ల ముందే అన్నాను. ఈ వయసులో దొంగతిండి ఏమిటన్నాను. ఇక్కడ ఏమైనా అయితే ఎవరు చూస్తారన్నాను. నాన్న తల వంచుకుని టేబుల్ అంచు పట్టుకుని కూర్చున్నారు. ఆ చేతుల్ని మా ఆవిడ చూసింది. నేను చూడలేదు.

"మామయ్యగారూ, వణుకుతోందా?"

"కొంచెం."

మీటరుతో చూస్తే 64. డెబ్భైకి తగ్గితే పడిపోయినట్టు లెక్క. నేను కంగారుగా స్నికర్స్ విప్పబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. వాళ్ళమ్మా షుగరు మనిషే, తనకి తెలుసు. చాక్లెట్‌లో ఉండే కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఎక్కడం ఆలస్యమవుతుంది. స్మార్టీస్ చాలావరకు డెక్స్‌ట్రోజే, అంటే గ్లూకోజే. ఒక చుట్టలో దాదాపు ఆరు గ్రాములు. పదిహేను గ్రాములు తిని, పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూడమంటారు డాక్టర్లు. మూడు చుట్టలు నమిలించింది. ఆ పదిహేను నిమిషాలూ ఎవరం మాట్లాడలేదు. మళ్ళీ చూస్తే 88. అప్పుడు అన్నం పెట్టింది.

తినడం అయ్యాక నాన్న చెప్పారు. తణుకులో ఏడింటికి మాత్ర వేసుకోవడం, వెంటనే కంచం ముందు కూర్చోవడం. ఇక్కడా ఏడింటికే వేసుకుంటున్నారు. మేం పిల్లని తీసుకుని వచ్చేసరికి తొమ్మిది. ఈలోగా ఊరికే కూర్చోలేక మంచులో సందు చివరి దాకా నడక. గ్లిమిపిరైడ్ తిండి కోసం ఆగదు కదా, దాని పని అది చేసుకుపోతుంది. తెచ్చుకున్న పటికబెల్లం ముక్కలు అయిపోయాక స్మార్టీస్ మీద పడ్డారు.

"మరి చెప్పొచ్చు కదా నాన్నా."

"చెబితే హాస్పిటల్ అంటావు. వేల డాలర్లంట కదరా. ఆ ఇన్సూరెన్సు పాత జబ్బులకి ఇవ్వడని నువ్వేగా ఫోన్లో ఎవరితోనో అన్నావు."

అన్నాను. నిజమే.

అప్పటికి తణుకులో తెల్లారి పొద్దెక్కింది. అక్కడి డాక్టరుగారికి ఫోన్ చేశాం. ఆయన మందు మోతాదు మార్చి, కంచం ముందు పెట్టుకున్నాకే మాత్ర ముట్టుకోమన్నారు. మేమూ భోజనం ఏడున్నరకి మార్చాం. స్విమ్మింగ్ శనివారం పొద్దుటికి వెళ్ళింది.

మిగిలిన చాక్లెట్లంటారా? ఆఫీసుకి తీసుకెళ్దామంటే అక్కడ అందరూ అదే ఆలోచనతో వచ్చారు. ఆఖరికి ఒక పళ్ళ డాక్టరు పౌండుకి డాలరు చొప్పున కొని సైనికులకి పంపుతున్నాడని తెలిసి, నాలుగు పౌండ్లు తూచి ఇచ్చేశాం. సైనికుల పళ్ళ సంగతి ఆయన్ని అడగలేదు.

స్మార్టీస్ మాత్రం ఇవ్వలేదు. షీటులో 'తాతయ్య' అని కొత్త వరుస చేరింది. సాయంత్రం నాన్న బయటికి వెళ్ళే ముందు మా అమ్మాయి కోటు జేబులో మూడు చుట్టలు వేసేది, తిరిగి రాగానే లెక్క చూసేది. ఒకరోజు రెండే ఉన్నాయి. నేను గబగబా మీటరు తెచ్చాను.

"దానికొద్దురా" అన్నారు నాన్న, మనవరాలి వైపు చూడకుండా. "ఒకటి దీనికే ఇచ్చాను."

ఆ రోజు మంగళవారం.