విప్పేది హెల్పరు, బిగించేది మేస్త్రీ

పోస్టు కొంచెం పెద్దదే. ఐటీఐలో మోటార్ మెకానిక్, డీజిల్ మెకానిక్ చదువుతున్న మన పిల్లలు, చదువు అయిపోయి షెడ్డుల్లో చేరినవాళ్లు తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. డిగ్రీ, ఇంజనీరింగ్ వాళ్లూ చదవొచ్చు. ఇంటర్ ఫిజిక్సులో యంగ్ గుణకం అని ఒకటి బట్టీ కొట్టినాం గదా, అది యాడ పనికొస్తుందో ఇందులో ఉంది.

నాది తుగ్గలి వైపు తండా. ఆదోనిలో హాస్టల్లో ఉండి చదువుకున్నా. ఇప్పుడు ఎమ్మిగనూరు నుంచి మంత్రాలయం పోయే రోడ్డు మీద ఒక షెడ్డులో పని. మాకు గురువారం అంటే పండగ. మఠానికి వచ్చే బండ్లు, అందులో సగం కర్ణాటకవి, రాయచూరు నుంచి మాధవరం మీదుగా తుంగభద్ర దాటి వస్తాయి. ఎండాకాలంలో ఏసీ వేసుకొని నిండా మనుషులతో వచ్చి మా షెడ్డు ముందర పొగలు కక్కుతూ ఆగుతాయి. రేడియేటర్లో నీళ్లు లేవు, హెడ్ ప్యాకింగ్ పోయింది, ఆయిల్లో నీళ్లు కలిసి తెల్లగా మజ్జిగ మాదిరి అయింది. ఇట్లాంటివి నెలకు ఒకటో రెండో తప్పకుండా వస్తాయి.

షెడ్డులో చేరిన కొత్తలో నాకు అర్థమైన మొదటి విషయం ఏందంటే, ఇంజిన్ విప్పేది హెల్పరు, బిగించేది మేస్త్రీ. విప్పడానికి ఎవరైనా పనికొస్తారు. డీజిల్ పోసి కడగడానికీ ఎవరైనా పనికొస్తారు. హెడ్ ఎక్కించి బోల్టులు బిగించే సమయానికి మాత్రం మేస్త్రీ చేతులు తుడుచుకొని వస్తాడు, హెల్పరు టీ తేవడానికి పోతాడు. నేను చూసిన షెడ్డుల్లో మన తండాల పిల్లలు, ఎరుకల పిల్లలు ఐదేళ్లు, ఆరేళ్లు పనిచేసినా విప్పే దగ్గరే ఉంటారు. కూలీలో తేడా కూడా అక్కడే. ఆ ఒక్క పని చేతికి రావాలంటే ఏం తెలిసి ఉండాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. బండి కంపెనీ పుస్తకమేమో ఇంగ్లీషులో ఉంటుంది. అందుకే ఇది తెలుగులో రాస్తున్నా.

మా ఉస్తాద్ ముప్పై ఏళ్ల నుంచి పానా పట్టినోడు. అంబాసిడర్లు, పాత జీపులు చెవితో విని రోగం చెప్పేటోడు. బోల్టు ఎంత బిగించాలి ఉస్తాద్ అని అడిగితే, "చేయి చెప్తాది బేటా" అన్నాడు. ఆయన చేయి అబద్ధం చెప్పదు, నేను కాదనను. పాత ఇంజిన్లకు హెడ్డూ బ్లాకూ రెండూ పోత ఇనుమే. కొంచెం ఎక్కువ తక్కువైనా ఓర్చుకునేవి. ఇప్పటి కార్లలో హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అంటే ఇంజిన్ కాగిన ప్రతిసారీ హెడ్ ఉబ్బి బోల్టును పైకి లాగుతుంది, చల్లారితే వదులుతుంది. ఇక్కడ చేతి లెక్క ఒక్కటే చాలదు.

అసలు బోల్టు ఏం చేస్తుంది? చాలామంది అది మేకు మాదిరి రెండింటినీ కలిపి పట్టుకుంటుందని అనుకుంటారు. బోల్టు స్ప్రింగ్ లాంటిది. బిగించే కొద్దీ అది సాగుతుంది. సాగిన బోల్టు మళ్లీ పొట్టిగా కావాలని చూస్తుంది, ఆ లాగుడే హెడ్డును బ్లాకుకు అదిమి పెడుతుంది. ఆదోని జిన్నింగు మిల్లుల్లో పత్తి బేలు కట్టడం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. ప్రెస్సు 170 కేజీల పత్తిని అదిమి పట్టినప్పుడు కట్లు వేస్తారు. ప్రెస్సు వదిలితే పత్తి ఉబ్బాలని చూస్తుంది, కట్టు బిర్రుగా లాగి పట్టుకుంటుంది. ఒక కట్టు వదులైతే బేలు ఆ పక్కకే పొట్ట వేస్తుంది. హెడ్ ప్యాకింగ్ కూడా వదులున్న పక్కే పోతుంది.

ఎంత సాగుతుంది? 100 మిల్లీమీటర్ల పొడుగు బోల్టు గట్టిగా బిగిస్తే సుమారు పావు మిల్లీమీటరు. కంటికి కనపడదు. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉంటుంది, చూసే ఉంటారు. 8.8లో మొదటి 8 అంటే ఆ ఉక్కు 800 మెగా పాస్కల్ వరకు తెగకుండా ఓర్చుకోవాలి. చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం, అంటే 640 దగ్గర అది శాశ్వతంగా సాగిపోవడం మొదలుపెడుతుంది. ఆ గీత దాటనంత వరకు వదిలితే మళ్లీ పాత పొడుగుకు వస్తుంది. దాటితే బబుల్‌గమ్ మాదిరే.

దాని మీద పడే భారం కూడా చెప్తా. డీజిల్ ఇంజిన్లో మంట పుట్టినప్పుడు సిలిండర్లో పీడనం బయటి గాలి పీడనానికి వంద రెట్లు దాటుతుంది. సిలిండర్ వెడల్పు 9 సెంటీమీటర్లు అనుకుంటే హెడ్డును పైకి తన్నే బలం ఆరు టన్నులు పైనే. నిమిషానికి 2000 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజిన్లో ఒక్కో సిలిండర్లో ఇది నిమిషానికి వెయ్యి సార్లు.

ఇప్పుడు అసలు చిక్కు. మనం పానాతో పెట్టే బలంలో బోల్టును సాగదీయడానికి పోయేది సుమారు పదో వంతే. సగం బోల్టు తల కింద రాపిడికి, 40 శాతం దాకా మరల మధ్య రాపిడికి పోతుంది. చేతికి తెలిసేది ఈ మొత్తం. తుప్పు పట్టిన బోల్టు, దుమ్ము ఉన్న మరలు చేతికి "బిగిసింది" అని చెప్తాయి, లోపల బోల్టు సగం కూడా సాగి ఉండదు. అదే బోల్టుకు నూనె రాసి అంతే బలం పెడితే అవసరానికి మించి సాగిపోతుంది. ఉస్తాద్ చేయి మంచిదే, దానికి అందేది రాపిడి ఒక్కటే. అందుకే కంపెనీ పుస్తకం టార్క్ అంకె ఇచ్చేటప్పుడు మరలు పొడిగా ఉండాలా, నూనె రాయాలా అన్నది కూడా చెప్తుంది. ఆ ముక్క వదిలేసి అంకె ఒక్కటే పట్టుకుంటే లాభం లేదు.

ఇంకో జాగ్రత్త. బ్లాకులో బోల్టు దిగే గుంత అడుగు మూసి ఉంటే అందులో నూనె గానీ నీళ్లు గానీ నిలవకూడదు. బోల్టు దిగుతుంటే ఆ ద్రవానికి పోయే దారి ఉండదు, బ్లాకే పగులుతుంది. గుడ్డ పెట్టి, గాలి కొట్టి, ఎండబెట్టినాకే ఎక్కించాలి. గాలి కొట్టేటప్పుడు కళ్లు పక్కకు పెట్టుకోండి.

టార్క్ అంటే బలాన్ని దూరంతో గుణించడమే. పావు మీటరు పానా కొన మీద 20 కేజీల బలంతో లాగితే 5 కేజీ మీటర్లు, అంటే 49 న్యూటన్ మీటర్లు. అదే 20 కేజీలు ఒక మీటరు పైపు తొడిగి లాగితే 196 న్యూటన్ మీటర్లు. మనిషి అదే, చేయి అదే, నాలుగింతలైంది. పైపు తొడిగి హెడ్ బోల్టు బిగించేవాణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. సాధారణ 8.8 బోల్టులకు గుర్తు పెట్టుకోదగ్గ ఉజ్జాయింపు చెప్తా: 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10, 8కి 25, 10కి 45 నుంచి 50 న్యూటన్ మీటర్లు. ఇది బ్రాకెట్లకు, మూతలకు పనికొస్తుంది. హెడ్‌కు, కనెక్టింగ్ రాడ్‌కు, మెయిన్ బేరింగ్‌కు మాత్రం ఆ ఇంజిన్ పుస్తకమే చూడాలి.

పోయిన ఏడాది సంక్రాంతి దాటినాక జరిగింది చెప్తా. మన పక్క సుగ్గి అంటే తెలియనివాళ్లు ఉండరు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు ఊళ్లకు ఊళ్లు తాళాలేసి మిరపకాయలు కోయడానికి గుంటూరు దిక్కు పోతాయి. ముసలోళ్లు మిగులుతారు, బడి పిల్లలూ కొందరు తల్లుల వెంట పోతారు. అట్లా జనాన్ని తీసుకుపోయే ఒక బండి సాయంత్రం మా షెడ్డుకు వచ్చింది. హెడ్ ప్యాకింగ్ పోయింది. వేరే యాడనో పది రోజుల కిందటే మార్చినారంట. విప్పి చూస్తే ఒక కొన బోల్టులు చేతి పానాకే వదులై వచ్చేసినాయి, ఇంకో కొనవి ఇద్దరం లాగితే గానీ రాలేదు. హెడ్డును వెంటనే మిషన్ షాపుకు పంపి చదును చేయించి, కొత్త ప్యాకింగు, కొత్త బోల్టులు తెచ్చేసరికి రాత్రి పదైంది. డ్రైవరు "అన్నా, తెల్లారి నాలుగ్గంటలకు బయలుదేరాల, మూటలు కట్టుకొని కూర్చున్నారు" అంటున్నాడు.

మా షెడ్డులో టార్క్ రెంచ్ ఒకటి ఉండేది. కిందపడి, క్లిక్ అనడం మానేసి ఏడాది. ఉస్తాద్ పెద్ద రాడ్డు తీసుకున్నాడు. నేను ఆయన్ను ఆపి, ఎదురు కొట్టుకు పోయి పత్తి తూచే కొక్కెం కాటా అడిగి తెచ్చినా. స్ప్రింగుది, 50 కేజీలది. ముందు 10 కేజీల తూకం రాయి తగిలించి కాటా సరిగ్గా ఉందని చూసినా. సాకెట్ రాడ్డు మీద సాకెట్ నడిమి నుంచి సరిగ్గా 50 సెంటీమీటర్లకు సుద్దతో గీత గీసి, అక్కడ కొక్కెం తగిలించినా. లెక్క కోసం చివరికి 7 కేజీ మీటర్లు కావాలనుకోండి. అర మీటరు దూరానికి కాటా మీద 14 కేజీలు రావాలి. కాటాను రాడ్డుకు నిలువుకోణంలో, 90 డిగ్రీల్లో లాగాలి. ఏటవాలుగా లాగితే లెక్క తప్పుతుంది. కుదుపు లేకుండా మెల్లగా లాగాలి.

వరుస ఎట్లా? ఇంట్లో నులక మంచానికి దావన బిగించింది గుర్తు చేసుకోండి. మా యాడి ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలకు పోదు. మొత్తం ఒకసారి కొంచెం లాగి, మళ్లీ మొదటికొచ్చి ఇంకొంచెం. లేకపోతే మంచం ఒక పక్కకు ఒంకర పోతుంది. హెడ్ కూడా అంతే. నడిమి బోల్టుల నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి బయటికి పోవాలి. మొదటి చుట్టు 5 కేజీలు, రెండో చుట్టు 10, మూడో చుట్టు 14. డ్రైవరు సెల్లు లైటు పట్టినాడు, నేను లాగుతుంటే ఉస్తాద్ కాటా ముల్లు చదివినాడు. "పన్నెండు... పదమూడు... బస్!" ఒక బోల్టు మాత్రం చేతికి బిగుసుకుపోయినట్టే ఉంది గానీ లాగుతుంటే గరగరమంటోంది. తీసి చూస్తే మరల్లో పాత ప్యాకింగు ముక్క ఇరుక్కుంది. శుభ్రం చేసి మళ్లీ దించితే మెత్తగా దిగి, ముల్లు అంకె మీదికి వచ్చాక నిలబడింది. ఉస్తాద్ ఏం మాట్లాడలేదు. బీడీ ముట్టించుకొని, అన్ని బోల్టులూ ఇంకోసారి తనే సరిచూసినాడు, కాటాతోనే.

అయితే అన్ని బండ్లకూ ఈ కాటా లెక్క సరిపోదు. కొత్త ఇంజిన్లు చాలావాటికి మొదట కొంత టార్క్, ఆ తర్వాత డిగ్రీల్లో తిప్పుడు. ఉదాహరణకు 40 న్యూటన్ మీటర్లు పెట్టి, 90 డిగ్రీలు, మళ్లీ ఇంకో 90. రాపిడి మోసం తప్పించుకోవడానికే ఇది. ఒకసారి ఆనిన తర్వాత ఎన్ని డిగ్రీలు తిరిగితే అంత సాగుతుంది, రాపిడితో పని లేదు. వీటిలో చాలా బోల్టులను కావాలనే ఆ సాగే గీత దాకా తీసుకుపోతారు, కాబట్టి విప్పిన బోల్టు మళ్లీ వాడకూడదు. "బాగానే ఉంది గదా, కొత్తది ఎందుకు" అని ఓనరు బేరమాడతాడు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వెర్నియర్‌తో కొలిచి చూపించండి.

బోల్టు సైజు విషయంలోనూ కన్నును నమ్మొద్దు. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 5390లో, పైలెట్ ముందరి అద్దం ఆకాశంలోనే ఊడిపోయింది. కెప్టెన్ సగం బయటికి వేలాడినాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకొని ఉండగా కో-పైలెట్ విమానాన్ని దించినాడు, అందరూ బతికినారు. కారణం చూస్తే, ముందు రోజు ఆ అద్దానికి వేసిన 90 బోల్టుల్లో 84 వ్యాసంలో చిన్నవి. తేడా 0.026 అంగుళం, మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు. మిగతా ఆరు పొడుగు తక్కువ. పాత బోల్టును డబ్బాలో వాటితో కంటితో పోల్చి తీసుకున్నారు. మన ఆదోని, ఎమ్మిగనూరు హార్డ్‌వేర్ కొట్లలో మనం తీసుకునేది కూడా అట్లనే గదా.

టార్క్ రెంచ్ కొనేవాళ్లకు నాలుగు మాటలు. 40 నుంచి 200 దాకా కొలిచేది 10 న్యూటన్ మీటర్ల బోల్టుకు పనికిరాదు, చిన్నది వేరే ఉండాలి. పిడి మీదే చేయి వేసి లాగండి, పైపు తొడగొద్దు. క్లిక్ అనగానే ఆపండి, "ఇంకో క్లిక్" అంటే అంకె దాటినట్టే. పని అయినాక దాని కనీస అంకెకు తిప్పి పెట్టండి, లోపలి స్ప్రింగు అలసిపోతుంది. దాంతో బోల్టులు విప్పొద్దు. ఏడాదికోసారి లేదా 5000 సార్లు వాడినాక సరిచూపించాలి. టైర్ నట్లు నక్షత్రం ఆకారంలో ఎదురెదురుగా బిగించి, వంద కిలోమీటర్ల లోపు ఇంకోసారి చూడండి. మరలకు గ్రీసు రాయొద్దు.

ఆ బండి ఉగాదికి వెనక్కి వచ్చింది. ఆయిల్ మార్చడానికి ఆపినాడు. డిప్ స్టిక్ తీసి చూసినా, నల్లగా ఉంది, ఎక్కడా తెలుపు లేదు. రేడియేటర్ మూత తీస్తే నీళ్లు పోసినట్టే ఉన్నాయి. వెనక సీట్లలో మిరప ఘాటు ఇంకా పోలేదు, ఆయిల్ మార్చినంతసేపూ తుమ్ములే.

ఉస్తాద్ కొత్త టార్క్ రెంచ్ కొన్నాడు. కాటా మాత్రం ఎదురు కొట్టుకు తిరిగి ఇవ్వలేదు, డబ్బులిచ్చి ఉంచుకున్నాడు. కోసిగి నుంచి వచ్చిన హెల్పరు పిల్లోడు షెడ్డు గోడ మీద సుద్దతో బండి పేరు, బోల్టు, అంకె, పొడా నూనెనా అని వరుసగా రాస్తున్నాడు. ఇప్పటికి పదకొండు బండ్లు అయినాయి. మీ షెడ్డుల్లో పుస్తకం చూసి రాసుకున్న అంకెలు ఉంటే బండి పేరు, మోడల్ ఏడాదితో సహా పంపండి, గోడ మీద ఇంకా చోటుంది.