మా బాల్కొండకు మా టీచర్లు వచ్చారు

పెళ్లయి హైదరాబాద్ వచ్చాక తొమ్మిదేళ్లు ఒక స్కూల్లో తెలుగు టీచర్‌గా పనిచేశాను. రెండో పాప పుట్టాక మానేశాను. ఉద్యోగం పోయినా స్నేహాలు పోలేదు. స్టాఫ్ రూమ్‌లో నా పక్కన కూర్చునే లెక్కల మేడమ్, హిందీ మేడమ్, సైన్స్ మేడమ్ ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. "మీ ఊరు ఎప్పుడు చూపిస్తావు?" అని ఏళ్లుగా అడుగుతున్నారు. మొన్న వానాకాలంలో, పోచంపాడు గేట్లు ఎత్తారని టీవీలో చూసి, "ఈ ఆదివారం వెళ్దాం" అని పట్టుబట్టారు.

సరే అన్నాను గానీ నా గుండెలో రాయి పడింది. మా అమ్మ బీడీలు చేస్తుంది.

మా వైపు ఇది వింత కాదు. ఆర్మూర్, బాల్కొండ చుట్టుపక్కల ఊళ్లలో మగవాళ్లు గల్ఫ్‌కు పోతే ఆడవాళ్లు బీడీలు చేసి ఇల్లు నడిపారు. మా నాన్న మస్కట్‌లో ఉన్న ఆరేళ్లూ మా ఇంట్లో పొయ్యి వెలిగింది అమ్మ చాట వల్లే. కానీ ఈ మాట నేను స్టాఫ్ రూమ్‌లో ఒక్కసారి కూడా చెప్పలేదు. "అమ్మ ఇంట్లోనే ఉంటారు, కాస్త పసుపు సాగు ఉంది" అని ఊరుకునేదాన్ని.

అందుకే ప్లాన్ కూడా అలాగే వేశాను. పొద్దున ఆర్మూర్‌లో సిద్ధులగుట్ట, మధ్యాహ్నం అంకాపూర్‌లో భోజనం, తర్వాత పోచంపాడు, తిరిగి వస్తూ మా ఇంట్లో ఒక్క అరగంట, చాయ్ తాగి బయల్దేరడం. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"చాయ్ మాత్రమేనా? అన్నం తినరా?" అంది.

"అంకాపూర్‌ల కోడికూర ఆర్డర్ ఇచ్చినమ్మా. ఇంకోటి... ఆ రోజు చాట లోపల పెట్టరాదూ?"

కాసేపు మాట లేదు. తర్వాత, "సరే బిడ్డా" అని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం తెల్లవారకముందే బయల్దేరాం. నల్లటి బండరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే సిద్ధులగుట్ట చూసి సైన్స్ మేడమ్ ఫోటోలు ఆపలేదు. అంకాపూర్ నాటుకోడి సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ముందే ఫోన్ చేసి చెబితే కోడిని వండి, అన్నంతో సహా ఇస్తారు. గుంటూరు మనిషి లెక్కల మేడమ్ కూడా కారానికి కళ్ల నీళ్లు పెట్టుకుని, మళ్లీ వడ్డించుకుంది. రోడ్డు పక్కన కాల్చిన మక్క కంకులు కొనుక్కుని పోచంపాడు చేరాం.

శ్రీరాంసాగర్ అని పేరున్నా మాకు అది పోచంపాడే. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు. మొత్తం 42 గేట్లు. ఆ రోజు కొన్నే ఎత్తారు, అయినా ఆ హోరులో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. "మా అమ్మమ్మ పుట్టిన ఊరు ఆ నీళ్ల కిందే ఉంది" అని చూపించాను. హిందీ మేడమ్ ఫోన్ కిందికి దించి, చాలాసేపు నీళ్ల వైపే చూస్తూ నిలబడింది.

నాలుగింటికి ఇల్లు చేరాం. అమ్మ బకెట్‌తో నీళ్లు, చెంబు పట్టుకుని గడపలోనే ఉంది. "కాళ్లు కడుక్కోండ్రి బిడ్డా, మంచిగొచ్చిండ్రా?" అంటూ ముగ్గురినీ పేరుపేరునా అడిగింది. నడింట్లో చాట లేదు. ఆ మూల ఖాళీగా ఉంది. చిన్నప్పటి నుంచి ఆ మూల ఖాళీగా ఉండటం నేను చూడలేదు.

చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లిన లెక్కల మేడమ్, తలుపు చాటున తడిబట్ట కప్పి ఉన్న చాట చూసి, "అమ్మా, ఇదేంటి?" అంది.

అమ్మ జవాబు చెప్పలేదు. నా ముఖం వైపు చూసింది. ఏం చెప్పమంటావని నన్నడుగుతోంది. తన ఇంట్లో, తన పని గురించి చెప్పడానికి నా అనుమతి అడుగుతోంది. ఆ చూపు నేను ఈ జన్మకు మరచిపోలేను.

"బీడీల చాట. మీరొస్తున్నారని నేనే దాచమన్నాను" అన్నాను.

అమ్మ ఏమీ అనకుండా చాట తెచ్చి ముందరేసుకుంది. కత్తిరించిన తునికాకు తీసి, తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి దారం కట్టింది. హిందీ మేడమ్ ప్రయత్నిస్తే ఆకు చిరిగింది. అందరం నవ్వాం. "మీ టీచరమ్మ గూడ చేస్తుండె. ఎండకాలం సెలవులల్ల రోజుకు మూడొందలు" అంది అమ్మ. ముగ్గురూ నా వైపు తిరిగారు.

"ఈ ఘాటుకు దగ్గు రాదా అమ్మా?" అని అడిగింది సైన్స్ మేడమ్.

"వస్తది. నడుము గూడ గుంజుతది. ఏం జేస్తం బిడ్డా, ముగ్గురు పిల్లలను జదివిచ్చిన."

ఈ ప్రశ్న నేను ఎన్నడూ అడగలేదు.

అరగంట కాస్తా రాత్రి ఎనిమిదయింది. అమ్మ పొద్దున్నే మక్కలు రుబ్బి పెట్టుకుందట. వేడివేడి మక్క గారెలు వేస్తూనే ఉంది, వీళ్లు తింటూనే ఉన్నారు. వెళ్లేటప్పుడు బొట్టు పెట్టి, రైక బట్టలు ఇచ్చి, మా చేన్లో పండిన పసుపు తలా ఒక పొట్లం చేతిలో పెట్టింది. జూన్‌లో నాటితే సంక్రాంతి దాటాక తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి దంచిన పసుపు. తొమ్మిది నెలల చాకిరీ ఆ పొట్లంలో ఉంది.

కారులో ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ గురించి, గారెల గురించే మాట్లాడారు. దిగేటప్పుడు మాత్రం లెక్కల మేడమ్, "తొమ్మిదేళ్లు పక్కన కూర్చున్నాం కదే" అంది. అంతే.

మర్నాడు అమ్మకు ఫోన్ చేశాను. తప్పయిందని చెప్పాలనుకున్నాను, గొంతు పెగల్లేదు. అమ్మే అందుకుంది: "మల్ల ఎప్పుడొస్తరట వాళ్లు? ఈసారి బయట తినిపియ్యకు బిడ్డా, మన ఇంట్లనే కోడి కోద్దం. చాట గూడ దాని జాగల అదే ఉంటది, ఇప్పుడే చెప్తున్న."